ముడుచుకున్న కాలు

తవ్వు అన్నాను. అన్న తవ్వుతున్నాడు. శుక్రవారం మధ్యాహ్నం, ఊరంతా మసీదులో ఉంది, ఖబరస్తాన్ కాపలా ముసలాయన కూడా జుమ్మా నమాజుకు పోయాడు, ఇంతకన్నా మంచి గంట దొరకదని నేనే చెప్పాను. మా అన్న లాల్ బాషా బుద్ధెరిగిన తర్వాత జుమ్మా తప్పినవాడు కాదు. ఈరోజు తప్పాడు. చొక్కా విప్పి గోడ మీద వేసి, లుంగీ ఎగగట్టి, బిస్మిల్లా అని గడ్డపార ఎత్తాడు. నేను గోడ వారన నాపరాయి మీద కూర్చున్నాను. నా కుడి కాలు నేల మీద ఉంది. ఎడమ కాలు ఆ గుంతలో ఉంది. నా పక్కన సమ్మెట ఉంది, గనిలో నేను ఇన్నేళ్ళూ ఎత్తిన సమ్మెటే, పిడి మీద నా చేతి చెమట నల్లగా ఎండిపోయి ఉంది. మా మధ్య ఒప్పందం ఒక్కటే. కాలు తీసి చూడాలి. అది తిన్నగా చాపి ఉంటే నేను నోరు మూసుకుని ఇంటికి పోతాను. మడిచి పూడ్చి ఉంటే అన్న ఎడమ మోకాలు ఈ సమ్మెటతో పగలగొడతాను. ఈ మాట అన్న మొహం మీదే అన్నాను. "సరే" అన్నాడు. అన్నం కలుపుతున్న చెయ్యి కూడా ఆపలేదు. ఆ సరే విన్నప్పటి నుంచి నాకు ఒళ్ళు మండిపోతూ ఉంది. వద్దురా అనొచ్చు కదా, బతిమాలొచ్చు కదా, పోనీ నీకు పిచ్చి పట్టిందిరా అని నాలుగు తగిలించొచ్చు కదా. ఏమీ లేదు. సరేనట.

అందరూ లేదు లేదు అంటారు. కాలు లేదు కదా అమీరూ, లేని కాలికి నొప్పేంది అంటారు. లేనిదైతే మడమ వచ్చి పిర్రకు ఎందుకు గుచ్చుకుంటుంది? మోకాలు కడుపులోకి ఎందుకు పొడుచుకొస్తుంది? బొటనవేలు పక్కవేలి మీదికెక్కి బిగుసుకుని ఉంది, ఇప్పుడు, ఈ ఎండలో, ఈ రాయి మీద కూర్చున్నప్పుడు కూడా. పిక్కలో నరం మెలి తిరిగి తిరిగి ఇంక తిరగడానికి చోటు లేక అక్కడే ఆగిపోయింది. చాపవే నీయబ్బ అని ఎన్నిసార్లు తిట్టానో. మనసులో చాపుతాను, చాపుతాను, పళ్ళు కొరుక్కుని చాపుతాను, కుడి కాలు చాపుకుంటుంది తప్ప అది కదలదు. మిగిలిన తొడ ముక్క మాత్రం గుడ్డలో ఎగిరెగిరి పడుతుంది. ఒకరోజు ఆ ముక్కను గోడకేసి కొట్టుకున్నాను. కుట్లు విడిపోయి గోడంతా నెత్తురయింది. ఆ నొప్పి ఎంత బాగుందో ఎవరికి చెప్పను? అది ఉన్నచోట ఉన్న నొప్పి. ఇక్కడ తగిలింది, ఇక్కడ నొచ్చింది. అంతే కదా మనిషికి కావలసింది.

గడ్డపార దిగుతున్న చప్పుడు మెత్తగా ఉంది. పైన మట్టి వదులుగానే ఉంది, వానలు పడి ఇంకా గట్టిపడలేదు. అన్న వీపు నిండా చెమట. ఆ వీపు నాకు బాగా తెలుసు, గనిలో రోజంతా నా ముందు ఉండే వీపే. అన్న గడ్డపారతో రాతి పొర కింద ఎత్తిపట్టేవాడు, నేను సమ్మెటతో కొట్టేవాణ్ణి. కొట్టడం నాకిష్టం. దాచుకోవడానికేముంది. నాలుగు దెబ్బలకు లొంగని రాయి అయిదో దెబ్బకు లోపల్నుంచి గొంతు మారుస్తుంది, ఆ గొంతు మారిందంటే ఇంక అది మనదే, ఒక్క ఏటుకు నిలువునా విచ్చుకుంటుంది. రాజధాని కర్నూలు వదిలి హైదరాబాదుకు పోయినప్పటి నుంచి జమ్మలమడుగు రాళ్ళకు గిరాకీ పెరిగింది, గని ముందర లారీలు బారులు తీరేవి, దొరలెవరో మా రాళ్ళ మీద బూట్లేసుకుని నడుస్తారని చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం. ఒక రోజు రాతి పలక జారి నా ఎడమ కాలి మీద పడింది. రాయి మీద నాకు కోపం లేదు. రాయి రాయి పని చేసింది. గడ్డపార వదిలేసింది అన్న కాదు, గడ్డపారే జారింది, అది నా కళ్ళతో చూశాను, దాని మీద కూడా నాకు తగువు లేదు. కట్టు కట్టే ముసలాయన వెదురు దబ్బలు పెట్టి బిగించి కట్టాడు, కొన్నాళ్ళకు వేళ్ళు నల్లబడ్డాయి, కంపు కొట్టింది, నన్ను బండి మీద పడుకోబెట్టి ప్రొద్దుటూరు తీసుకుపోయారు. తగువు అక్కడ మొదలవుతుంది.

డాక్టరు అనంతపద్మనాభం గారు ముక్కు మీద గుడ్డ పెట్టుకోకుండా నా కాలు దగ్గరికి వంగి చూశారు. మంచి మనిషే. తొడ సగానికి తీసేయాలి, లేకపోతే విషం పైకెక్కి మనిషి పోతాడు అన్నారు. నేను వద్దన్నాను. మెలకువగా ఉండి, తెలివిగా ఉండి, వద్దు సార్, చస్తే కాలుతోనే చస్తాను, కాలు లేని నన్ను గని ఏం చేసుకుంటుంది అన్నాను. డాక్టరు నావైపు చూడలేదు. అన్నవైపు చూశారు. కాలు నాది, చూపు అన్నవైపు. "కొయ్యండి సార్" అన్నాడు అన్న. రెండు ముక్కలు. కూరగాయల అంగట్లో గుమ్మడికాయకు కూడా ఇంతకన్నా ఎక్కువ మాట్లాడతారు.

"రాయి తగిలింది, అమీరూ. కాస్త ఆగుతాండా" అన్నాడు అన్న ఇప్పుడు, గుంతలోంచి తలెత్తకుండా.

"ఆగేదేంది, తవ్వు."

"నీళ్ళుండాయా?"

"ల్యావు." ఉన్నాయి. చెంబు నా వెనకే ఉంది. ఇవ్వను. నేను ఆసుపత్రి బల్ల మీద పడి నీళ్ళు నీళ్ళు అని అరిచినప్పుడు నాకు ఎవరిచ్చారు? తడి గుడ్డతో పెదాలు తుడిచారు, అంతే. అన్న ఇంకేం అడగలేదు, తగిలిన రాయిని చేతులతోనే పెళ్ళగించి పక్కన పెట్టి మళ్ళీ గడ్డపార అందుకున్నాడు. ఈ మనిషి ఎప్పుడూ ఇంతే. గనిలో ఒకసారి ఎవడో లారీవాడు నన్ను అమ్మనా బూతులు తిడితే అన్న ఒక్క మాట మాట్లాడకుండా పోయి వాడి పళ్ళు రాలగొట్టి వచ్చి, మళ్ళీ గడ్డపార అందుకుని, కొట్టురా పొద్దుపోతాంది అన్నాడు. మా ఇంట్లో ప్రేమైనా పగైనా చేతులతోనే, నోరు అన్నం తినడానికే.

గుండె నీరసంగా ఉంది, పూర్తి మత్తు తట్టుకోలేడు అన్నారు డాక్టరు. వెన్నులో సూది వేస్తాను, నడుం కింద ఏమీ తెలియదు, మెలకువగానే ఉంటావు, భయపడకు అన్నారు. నాకేం తెలుసు? మత్తంటే నాకు తెలిసింది కల్లు మత్తే. పక్కకు తిప్పారు. మోకాళ్ళు కడుపులోకి ముడుచుకో, గడ్డం ఎదకు ఆనించు, వీపు విల్లులాగా వంచు అన్నారు. నేనెందుకు వంగుతాను? గింజుకున్నాను. కాంపౌండరు బక్కవాడు, వాడివల్ల కాలేదు. అప్పుడు అన్నను లోపలికి పిలిచారు. ఒక చెయ్యి నా మెడ వెనక వేశాడు, ఒక చెయ్యి మోకాళ్ళ వెనక వేశాడు. ఆ చేతుల సంగతి రాళ్ళకు తెలుసు. కుళ్ళిన కాలునూ మంచి కాలునూ కలిపి పట్టి నన్ను మడిచాడు. నా మోకాలు నా గడ్డానికి కొట్టుకుంది, నాలుక తెగి నోట్లో ఉప్పగా నెత్తురు, వీపులో చల్లగా ఏదో, తర్వాత ఎముకల మధ్య ఒత్తుడు, వదలన్నా వదలన్నా అని నేను అన్న మోచెయ్యి కొరికాను, వదల్లేదు. సూది పూర్తయ్యాకే వదిలాడు. వదిలి బయటికి పోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

నడుం కింద గోరువెచ్చగా ఏదో పారింది. ఉచ్చ పోసుకున్నానేమో అనుకుని సిగ్గుపడ్డాను. తర్వాత చీమలు. తర్వాత బరువు. తర్వాత ఆ బరువూ లేదు. నా కాళ్ళు మాత్రం ఉన్నాయి, ముడుచుకునే ఉన్నాయి, మోకాళ్ళు కడుపులో, మడమలు పిర్రలకు, అన్న ఎక్కడ మడిచి పెట్టి పోయాడో అక్కడే. కాళ్ళు దించండి సార్ అన్నాను. దించే ఉన్నాయయ్యా అన్నారు. లేదు సార్, ముడుచుకుని ఉన్నాయి అన్నాను. డాక్టరు కాంపౌండరు కళ్ళల్లోకి చూసి నవ్వారు. నా ఎదమీద అడ్డంగా గుడ్డ కట్టారు, అయినా పక్కన మందుల బీరువా ఉంది, అద్దం తలుపుల బీరువా, దాన్ని కప్పడం ఎవరికీ తోచలేదు. ఆ అద్దంలో రెండు కాళ్ళు చాపుకుని పడున్నాయి. ఒకటి నల్లది. అవి ఎవరివి? నావి ఇక్కడ కడుపులో ముడుచుకుని ఉంటే ఆ చాపుకుని పడుకున్నవి ఎవరివి? ఆ నల్లకాలును డాక్టరు పసుపు నీళ్ళతో కడిగారు. కత్తి పెట్టారు. తోలు విడిపోయింది, లోపల తెల్లగా, తర్వాత ఎర్రగా. నాకేమీ కాలేదు. మనిషిని కోస్తుంటే మనిషికి ఏమీ కాకపోవడం ఎట్లా ఉంటుందో మీకు తెలియదు. ఎవరికీ తెలియకూడదు.

రంపం. కట్టె కోసే చప్పుడు నాకు తెలుసు, రాయి కోసే చప్పుడు తెలుసు, ఇది రెండూ కాదు. చెవుల్లో వినపడలేదు, నడుములోంచి ఎక్కి పళ్ళల్లో వినపడింది. బల్ల ఊగింది, బల్లతో నేనూ ఊగాను. ఆపండి అన్నాను. నొప్పి ఉందా అన్నారు డాక్టరు, చెయ్యి ఆపకుండానే. లేదు సార్ అన్నాను. లేకపోతే ఎందుకయ్యా ఆపడం అన్నారు. ఏం చెప్పను? నొప్పి లేదు కాబట్టే ఆపమంటున్నాను సార్, నొప్పి ఉంటే తన్నేవాణ్ణి, అరిచేవాణ్ణి, మీ గొంతు పట్టుకునేవాణ్ణి, నొప్పి ఉంటే ఆ కాలు నాదని తెలిసేది. ఇంత మాట నోట్లోకి రాలేదు. అద్దంలో ఆ నల్లకాలు ఒక్కసారి అదిరి, బరువు తప్పి పక్కకు దొర్లింది. కాంపౌండరు రెండు చేతులా ఎత్తి బకెట్లో పెట్టాడు. మడమ బకెట్ అంచుకు కొట్టుకుంది. ఠంగ్ అని. ఆ చప్పుడు ఇప్పటికీ చెంబు కిందపడితే వస్తుంది, గంట కొడితే వస్తుంది, బస్సు కండక్టరు రేకు మీద తట్టినా వస్తుంది, వచ్చినప్పుడల్లా ఎవడో ఒకడి మొహం పగలగొట్టాలని చేతులు దురద పెడతాయి.

చీకటి పడ్డాక కుడి కాలు తిరిగొచ్చింది. ముందు వేళ్ళు, తర్వాత పాదం, తర్వాత పిక్క, ఒక్కొక్కటే నిద్రలేచి, మెల్లగా చాపుకుని, మంచం మీద తన చోటు తను చూసుకుంది. ఎడమది రాలేదు. చాపుకోవడానికి దానికి మంచం లేదు. అక్కడే ఉండిపోయింది.

అప్పటి నుంచి నాకు కుడి కాలు మీద కూడా నమ్మకం పోయింది. నిద్రలో గిచ్చుకుంటాను, ఉందా లేదా అని. ఒక పొద్దున అరుగు మీద కూర్చుంటే అది తిమ్మిరెక్కింది. అంతే, మందు మళ్ళీ ఎక్కుతోంది, వీపులో ఎవరో సూది దించారు, ఇంక రంపం వస్తుంది అనుకుని చంకకర్ర తీసుకుని ఆ కాలును నేనే బాదుకున్నాను. మోకాలి నుంచి పాదం దాకా కమిలిపోయేదాకా బాదుకున్నాను. నొప్పి వచ్చింది. వచ్చాక ఏడ్చాను. నా పెండ్లాం జానీబీ పరుగున వచ్చి కర్ర పట్టుకుంటే దాన్ని కూడా తోసేశాను. అంతకుముందే పక్కింటి కోడి సంగతి ఒకటి. నా ఎడమ పాదం ఎక్కడుంటుందో సరిగ్గా ఆ చోటుకొచ్చి నిలబడి గింజలు ఏరుకుంటోంది. గోళ్ళతో గీరుతోంది. ఉష్ అన్నాను, పోలేదు. మెడ పట్టుకుని తిప్పేశాను. కోడి కాళ్ళు చాలాసేపు తన్నుకుని, తర్వాత చాపుకున్నాయి. దానిక్కూడా చాపుకోవడం వచ్చు.

"తేమ తగిలింది. ఇంగ దగ్గరకొచ్చినట్టే" అన్నాడు అన్న. గడ్డపార పక్కన పెట్టి చేతులతో మట్టి తోడుతున్నాడు. నా చెయ్యి దానంతటదే సమ్మెట పిడి మీదికి పోయింది. ఎడమ మోకాలు. చిప్ప మీద కొట్టకూడదు, పక్కనుంచి కొట్టాలి, కీలు విడిపోవాలి. అన్న అరుస్తాడా? అరవాలి. నోరు తెరిచి ఒక్కసారైనా అరవాలి ఈ మనిషి. రేపటి నుంచి మేమిద్దరం ఒకే గోడకు ఆనుకుని కూర్చుంటాం, ఒకే బీడీ కట్ట, మా ఇంట్లో గడ్డపారకూ పనుండదు, సమ్మెటకూ పనుండదు, అందరూ ఆకలితో చావనీ. వదిన ఏడుస్తుంది, ఏడవనీ. జానీబీ ఏడవలేదా?

ఆ రోజు జానీబీ ఇల్లు ఊడుస్తోంది. నేను మంచం మీద కూర్చుని ఉన్నాను. పొరక మంచం కిందికి వచ్చింది, నా కుడి కాలు దగ్గర ఆగి, పక్కకు తిరిగి, ఎడమ వైపు ఏమీ లేదు కదా అని సర్రున నా పాదం మీదుగా, నా పాదం లోపలి నుంచి పోయింది. పుల్లలు ఒక్కొక్కటే ఎముకల్లోంచి పోయినట్టనిపించింది. చేతికందిన చెంబు విసిరాను. కనుబొమ్మ పగిలింది. నెత్తురు కళ్ళల్లోకి కారుతుంటే తుడుచుకోకుండా నన్నే చూసింది. "నీ కాలు పోయిందనుకుంటి. మనిషే పోయినాడు" అంది. పొరక గోడకు ఆనించి, కొంగు కనుబొమ్మకు అదిమి పట్టుకుని పులివెందుల బస్సెక్కి పుట్టింటికి పోయింది.

తీసుకొద్దామని పోయాను కూడా. బస్సులో నన్ను ఎక్కించడానికి ఇద్దరు పట్టారు. దారి పొడుగునా ఎవడో ముసలాయన తన చీనీకాయల గంప తెచ్చి నా కాలు చోట్లో పెట్టుకున్నాడు, ఖాళీగా ఉంది కదా అని. తీయప్పా అన్నాను. యాడ పెట్టేది నాయనా, ఈడ ఖాళీనే గదా అన్నాడు. గంపను కుడి కాలితో తన్నాను. కాయలు బస్సంతా దొర్లాయి. జనం నన్ను తిట్టడానికి నోరు తెరిచి, నా తొడ చూసి మూసుకున్నారు, తిట్టినా బాగుండేది. పులివెందులలో జానీబీ గడప దాటి బయటికి రాలేదు. మా అత్త జైబున్నీసా వచ్చి ఎదురుగా కూర్చుని, నేను చెప్పిందంతా విని, తలాడించింది. ఆమె ఒక్కతే లేదు అనలేదు. "కాలు ఎట్ల పూడ్చినారో అట్లనే ఉంటాది నాయనా. మడిచి పూడ్చింటారు. మట్టిలో అది నిగుడుకోల్యాక, చాపుకోల్యాక నిన్ను పీకుతాంది. ఎవరు పూడ్చినారు?" అంది.

ఎవరు పూడ్చారు? అన్న పూడ్చాడు. మాలో తెగింది వేలైనా సరే బట్టలో చుట్టి మట్టికి అప్పగించాలి, పారేయకూడదు. అన్న ఆ రోజే అడిగి తీసుకున్నాడట. కాంపౌండరు నాకు కట్టు మారుస్తూ నవ్వుతూ చెప్పాడు, మీ అన్న నీ కాలును గోతంలో వేసి సైకిలు వెనక కట్టుకుని జమ్మలమడుగు పోయినాడప్పా అని. అప్పుడు నాకూ నవ్వొచ్చింది. అత్త అడిగాక ఆ నవ్వు పోయింది. గోతంలో కాలు నిలువునా ఎట్లా పడుతుంది? మడవకుండా సైకిలు మీద ఎట్లా కట్టాడు? మడిచాడు. రెండోసారి మడిచాడు. బతికున్నప్పుడు ఒకసారి, చచ్చాక ఒకసారి, మడిచినది మడిచినట్టే, మూటను మూటలాగే గుంతలో వేసి మట్టి కప్పి, చేతులు దులుపుకుని, ఇంటికొచ్చి అన్నం తినుంటాడు. వచ్చే బస్సులోనే ఈ సమ్మెట నా కళ్ళ ముందుకొచ్చింది.

"అమీరూ. దొరికింది."

గుంత చిన్నది కాదు. ఇప్పుడు చూస్తున్నాను, కోపంలో ఇంతసేపూ చూడలేదు, అన్న తవ్వింది పొడుగు గుంత, పసిబిడ్డను పడుకోబెట్టడానికి చాలినంత పొడుగు. అడుగున తెల్లబట్ట, ఇప్పుడు తెలుపు లేదు. వాసన వచ్చింది, అన్న మొహం తిప్పుకోలేదు. రెండు చేతులతో బట్ట మీది మట్టి నెమ్మదిగా తుడిచి, ఒక కొస పట్టుకుని విప్పాడు. నేను గోడ పట్టుకుని ముందుకు వంగాను. తొడ ఎముక ముక్క, దాని కింద మోకాలు, దాని కింద పిక్క ఎముకలు, ఇంకా కాస్త మాంసం అంటుకుని, పాదం నమాజుకు తిరిగే ఖిబ్లా వైపు ఒరిగి. ఒక్క వంకర లేదు. సమ్మెట పిడిలాగా తిన్నగా ఉంది. వేళ్ళు ఒకదాని పక్కన ఒకటి సర్ది ఉన్నాయి.

"గోతంలో మడిచింది నిజమే" అన్నాడు అన్న. గుంతలో మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. "బస్సులో ఎక్కించుకోరు గదా. ఈడికొచ్చినాక విప్పితే బిగుసుకోని ఉండాది. ఎంత పీకినా రాల్యా. మోకాలి మీద నా మోకాలు పెట్టి వత్తినా. కటుక్కుమనింది. నీకు నొచ్చిందేమోనని ఆడ్నే కూలబడినా. మల్ల కడిగి, అత్తరు పూసి, ఇట్ల పెట్టినా."

నేను వింటున్నాను. మడమ పిర్రకు గుచ్చుకుంటూనే ఉంది. బొటనవేలు పక్కవేలి మీద ఎక్కే ఉంది. అక్కడ గుంతలో వేళ్ళు చక్కగా సర్దుకుని ఉన్నాయి, ఇక్కడ బిగుసుకుని ఉన్నాయి. అయితే నన్ను పీకుతున్నది ఏది? ఎవరిని కొట్టాలి? కోపం పోలేదు, రెండింతలయింది, తలుపు లేని గదిలో పడ్డాను.

"నిగుడుకుందా? నొప్పి పోయిందా?" అన్నాడు అన్న. మొహంలో అంత ఆశ ఎన్నడూ చూడలేదు.

"ల్యా."

అన్న గుంతలోంచి పైకి వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. లుంగీ పైకి లాగి ఎడమ కాలు నేను కూర్చున్న నాపరాయి మీద చాపాడు. మోకాలి మీద మట్టి అంటుకుని ఉంది. అరచేత్తో తుడిచాడు. "గోతం మాట కాదు రా అది. గుంత మాట కాదు. సూది వేసేటప్పుడు నిన్ను మడిచింది నేనే గదా, ఈ చేతుల్తోనే. వదులు వదులు అంటివి. నేను వదల్ల్యా. నీ కాలు ఆ పొద్దే మడిచినా నేను. తినేటప్పుడు, పండుకునేటప్పుడు, నాకు అదే. నాది పగిలితేనన్నా నీది నిగుడుకుంటాదేమో. కొట్టు." మోచేతి మీద నా పళ్ళ గుర్తులు ఇంకా ఉన్నాయి. కళ్ళు మూసుకోలేదు.

ఈ మనిషిని చంపాలి. ఈ మంచితనాన్ని ముందు చంపాలి. వద్దురా అనడు, తప్పించుకోడు, కాలు చాపి పెడతాడు, నాకు కోపం తీర్చుకునే దారి కూడా ఉంచడు. సమ్మెట రెండు చేతులా అందుకున్నాను. కర్ర గోడకే ఉంది, కర్ర ఎందుకు, సమ్మెట ఎత్తేటప్పుడు నాకు ఎప్పుడైనా కర్ర ఉందా? కుడి కాలి మీద లేచాను. పిడి భుజం మీదుగా వెనక్కి పోయింది, నడుం తిరిగింది, బరువంతా పైన ఉంది, ఇంక దింపాలి, గనిలో ఇన్నేళ్ళూ దింపినట్టే ఎడమ కాలు ముందుకు వేశాను.

వేశాను. అది కదిలింది. తొడలోంచి మొదలయింది, మోకాలు కడుపు వదిలి లేచింది, మడమ పిర్రను వదిలింది, పిక్క మెలి విప్పుకుంటూ సరసరా కిందికి జారింది, బొటనవేలు దిగింది, వేళ్ళన్నీ విచ్చుకున్నాయి, అరికాలు నేలను వెతుక్కుంటూ పోయి తాకింది, అల్లా తోడు, కాలిన మట్టి వేడి నా అరికాలికి తెలిసింది. దాని మీద నా మొత్తం బరువు వేశాను. అక్కడ ఏమీ లేదు.

సమ్మెట నాపరాయి మీద పడింది. రాయి రెండుగా చీలిపోయింది, అన్న మోకాలికి జానెడు దూరంలో. అన్న కాలు తీసుకోలేదు. నేను బోర్లా గుంతలోకి పోయాను, మొహం మట్టిలో, ఎద కింద ఆ ఎముకలు, ఆ వాసన, ఆ అత్తరు. తొడ ముక్క గుంత అంచుకు కొట్టుకుని పచ్చిగా నొచ్చింది. కదల్లేదు నేను. ఊపిరి కూడా మెల్లగా తీసుకున్నాను. అది చాపుకునే ఉంది. నడుం నుంచి మడమ దాకా, నా కిందున్న ఎముకల మీద, పొడుగ్గా, మొత్తం పొడుగ్గా.

"అమీరూ! దెబ్బ తగిలిందేందిరా? అమీరూ!"

"అన్నా, నిగుడుకునింది."

"ఏంది?"

"కాలు."

అన్న నోరు తెరిచాడు. రాయి పగిలినప్పుడు వచ్చే గొంతు కాదు అది, పెళ్ళాంబిడ్డలున్న మగవాడు, గని మేస్త్రీలు కూడా జంకే మనిషి, చంటిపిల్లవాడిలాగా బావురుమన్నాడు. ఏడుస్తూనే గుంతలోకి చేతులు చాపి నా చంకల కింద పట్టుకున్నాడు. ఎత్తబోయాడు. ఎత్తుతుంటే నాకు తెలిసిపోయింది, మడమ నేలను వదిలింది, పిక్కలో నరం మెల్లగా వెనక్కి లాగుతోంది. మసీదు వైపు నుంచి మాటలు వినపడుతున్నాయి, నమాజు అయిపోయింది, జనం గోడ పక్కగా ఇళ్ళకు వస్తున్నారు.

"లెయ్ రా, జనం వస్తాండారు. చూస్తే ఏమనుకుంటారు?"

"లేపొద్దన్నా" అన్నాను. "నీ కాళ్ళు పట్టుకుంటా. రొంతసేపు లేపొద్దు."

అన్న చేతులు వదిలాడు.